కిటికీలోంచి పడ్డ మూట

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో టీవీ రిమోట్ నా చేతికి రావడం కల్ల. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నాడికి ఐదు. పొద్దున్నే పాలు తాగేసి, వరండాలో కట్టిన స్టారు వెలుగుతోందో లేదో ఓసారి చూసుకుని, చాప పరుచుకుని కార్టూన్ల ముందు కూర్చుంటారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ బడి సెలవుల్లో తన కూతుర్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. ఆ పిల్లదీ మా పెద్దదాని ఈడే. ముగ్గురిదీ ఒకటే చాప, ఒకటే జంతికల గిన్నె.

మొన్న డిసెంబర్లో ఓ రోజు నేను వంటింట్లో అరిసెల పాకం చూసుకుంటున్నాను. టీవీలో క్రిస్మస్ తాత కార్టూన్ వస్తోంది. తాత కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పొడుగాటి చిట్టా విప్పాడు. మంచి పిల్లల పేర్లు ఓ పక్క, అల్లరి పిల్లల పేర్లు ఇంకో పక్క. మంచివాళ్ల ఇళ్లకి బండినిండా బొమ్మలు. కిందటేడు తాత తనకి సైకిలు తెచ్చాడని మా చిన్నాడు గొప్పగా చెప్పాడు. పెద్దది తన రంగుల పెట్టె సంగతి చెప్పింది. ఆ పిల్ల కాసేపు ఊరుకుంది. తర్వాత, తమ ఇంటికి తాత ఎప్పుడూ రాలేదనీ, తనేం తప్పు చేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదనీ అంది.

ఏడుస్తూ అనలేదు. లెక్క తప్పిన పిల్ల ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు అంది. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాకం ముదిరిపోయింది.

ఆ పిల్లా మా సండే స్కూలుకే వస్తుంది. కంఠస్థ వాక్యాలు మా పెద్దదానికన్నా తడుముకోకుండా చెబుతుంది. అలాంటి పిల్ల తను చెడ్డదాన్నేమో అనుకుంటోంది. పోనీ తప్పంతా కార్టూన్ వాళ్లదా అంటే కాదు. అన్నం పారేస్తే తాత చూస్తున్నాడనీ, తమ్ముణ్ణి కొడితే పేరు కొట్టేస్తాడనీ డిసెంబరు నెల పొడుగునా బెదిరించి పనులు చేయించుకున్నదాన్ని నేను. మీలోనూ చాలామంది ఆ పని చేసే ఉంటారు. నా బెదిరింపు ఇంకో తల్లి కన్న బిడ్డ గుండెల్లో ముల్లులా దిగుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

టీవీ కట్టేద్దామా అనిపించింది. మా అత్తగారిది మొదట్నించీ అదే మాట. యేసు ప్రభువు పుట్టిన పండక్కి ఈ ఎర్రటోపీ తాతేమిటంటారావిడ. పిల్లల సరదా పాడుచేయకూడదంటారు మా ఆయన. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయినా నేను కట్టేస్తే పక్కింట్లో చూస్తారు. ఊరుకుంటే ఆ ముల్లు అక్కడే ఉంటుంది. అందుకని ఆ తాత ఎవరో, అసలు కథేమిటో ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. తీరా చూస్తే నాకే సరిగ్గా తెలీదు! నాలుగు పుస్తకాలు తిరగేసి, పాస్టరు గారిని అడిగి తెలుసుకున్నదాన్ని మూడు మధ్యాహ్నాలు అదే చాప మీద చెప్పాను. మీకూ చెబుతాను.

పతారా ఊరి పిల్లాడు

ఆయన పేరు నికొలస్. దాదాపు 1,700 ఏళ్ల కిందటి మనిషి. పుట్టింది కార్టూన్లో చూపించే మంచుదేశంలో కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీ దేశానికి దక్షిణంగా పతారా అని ఓ రేవు పట్నం ఉండేది. ఆ సీమని లిసియా అనేవారు. అప్పుడది రోమను చక్రవర్తుల ఏలుబడిలో ఉంది. మన కాకినాడలాగా ఓడలొచ్చీ పోయే ఊరు. అక్కడ 270 ప్రాంతంలో పుట్టాడని చెప్పుకుంటారు. దుప్పులు లాగే బండీ లేదు, ఎర్రటోపీ లేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆయన బతికున్న రోజుల్లో రాసిన జీవిత కథ ఏదీ మనకి మిగల్లేదు. మనకి దొరికేవి ఆయన పోయిన కొన్ని వందల ఏళ్లకి రాసినవి. అందుచేత ఇందులో చరిత్రెంత, జనం నోట పెరిగిందెంత అని గీత గీసి చెప్పడం కష్టం. పిల్లలకీ ఆ మాటే చెప్పాను. ఇది బైబిల్లో ఉన్న కథ కాదర్రా, పెద్దవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ అని. ఆ తేడా వాళ్లకి అర్థం కాదేమో అనుకున్నాను. మా చిన్నాడు మాత్రం, తాతయ్య అడవి పందిని తరిమాడని నాన్నమ్మ చెబుతుందే, అలాంటిదా అని అడిగాడు. అచ్చం అలాంటిదే అన్నాను. వంటింట్లోంచి మా అత్తగారు అది నిజంగా జరిగిందేనని గట్టిగా చెప్పారు.

నికొలస్ అమ్మానాన్నలు ఉన్నవాళ్లు, దైవభక్తి గలవాళ్లు. ఊళ్లో పెద్ద జబ్బేదో వ్యాపించి ఇద్దరూ పోయారు. కుర్రాడి చేతికి చిన్నతనంలోనే బోలెడంత ఆస్తి వచ్చింది. ఆ వయసులో తల్లీదండ్రీ లేకుండా డబ్బు మాత్రం ఉన్న కుర్రాళ్లు ఎలా తయారవుతారో మనం చూస్తూనే ఉంటాం. ఈ కుర్రాడు అలా కాలేదు. యేసు ప్రభువు ఓ ధనవంతుడైన యువకుడితో ఉన్నదంతా అమ్మి బీదలకి పంచమని చెప్పిన ఘట్టం సువార్తల్లో ఉంది. చాలామందిమి అది చదివి, ఆ మాట ఆ యువకుడికే చెప్పారులే అని పేజీ తిప్పేస్తాం. నికొలస్ దాన్ని తనకే చెప్పినట్టు తీసుకున్నాడు.

మూడు రాత్రులు

ఆ ఊళ్లోనే బతికి చెడ్డ కుటుంబం ఒకటుంది. తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురూ పెళ్లీడుకొచ్చారు. కట్నం ఇవ్వందే పెళ్లి కాదు. అవునండీ, కట్నమే! అక్కడా ఆ రోజుల్లో ఇచ్చుకోవాల్సింది ఆడపిల్ల తండ్రే. ఇంట్లో చూస్తే పూట గడవడం లేదు. పిల్లల్ని బానిసలుగా అమ్ముకోవాలనుకున్నాడని మా పిల్లలకి చెప్పాను. కథలో ఉన్నది అంతకన్నా ఘోరం. వాళ్లని పడుపు వృత్తికి పంపడం తప్ప గతిలేదనుకున్నాడు ఆ తండ్రి. పసివాళ్లకి ఎంతవరకు చెప్పాలో అంతవరకే చెప్పాలి కదా.

సంగతి నికొలస్ చెవిన పడింది. అందరూ పడుకున్నాక బంగారు నాణేలు మూటగట్టి, ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి జారవిడిచి, చీకట్లో చీకటిగా వెళ్లిపోయాడు. తెల్లారి లేచిన తండ్రి కళ్లని తనే నమ్మలేకపోయాడు. పెద్దమ్మాయి పెళ్లయింది. కొన్నాళ్లకి ఇంకో రాత్రి ఇంకో మూట పడింది. రెండో అమ్మాయి పెళ్లీ అయింది. ఈసారి తండ్రి నిద్రపోలేదు. ఎవరో ఈ పుణ్యాత్ముడు, చూసి తీరాలనుకుని రాత్రుళ్లు కాపు కాశాడు. మూడో మూట పడగానే వీధిలోకి పరుగెత్తి, ఆ మనిషిని పట్టుకుని, గుర్తుపట్టి కాళ్ల మీద పడ్డాడు. నికొలస్ ఆయన్ని లేవనెత్తి, తను బతికుండగా ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని మాట తీసుకున్నాడట. తర్వాత్తర్వాత చెప్పినవాళ్లు, కిటికీ మూసి ఉంటే పొగగొట్టంలోంచి వేశాడనీ, ఆ మూట ఆరేసిన మేజోడులో పడిందనీ కలిపారు. ఇప్పటి కార్టూన్లలో తాత పొగగొట్టంలోంచి దిగడం, పిల్లలు మేజోళ్లు కట్టడం ఈ కథలోవేనంటారు.

పగలే వెళ్లి ఇవ్వచ్చుగా, రాత్రెందుకు వెళ్లడం అని మా పెద్దది అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే ఆ పిల్ల చెప్పింది, పగలిస్తే అందరూ చూస్తారు, వాళ్ల నాన్నకి సిగ్గేస్తుంది అని. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుసు. పండక్కి పాత బట్టలిస్తూ నలుగురిలో పిలిచి మరీ చేతిలో పెట్టిన సందర్భాలు నాకొక్కసారిగా గుర్తొచ్చి తలొంచుకున్నాను.

తర్వాత నేనే అడిగాను. ఆ ముగ్గురమ్మాయిలూ మంచివాళ్లా, అల్లరి వాళ్లా, నికొలస్ చిట్టాలో వాళ్ల పేర్లు ఏ పక్కనున్నాయి అని. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. కథలో ఆ మాటే లేదు. నికొలస్ దగ్గర చిట్టాయే లేదు. వాళ్లకి అవసరం ఉందని ఇచ్చాడు, అంతే. గుడిలో పాస్టరు గారు కృప, కృప అని ప్రసంగాల్లో చెబుతుంటారే, ఇదేనర్రా అది అని చెప్పాను. మనం మంచివాళ్లమయ్యాక దేవుడు కొడుకుని పంపలేదు, మనం ఎలా ఉన్నామో అలా ఉండగానే పంపాడు, ఆ పండగే క్రిస్మస్ అని. ఆ పిల్ల ఏమీ అనలేదు. చాప మీద కాస్త ముందుకి జరిగి కూర్చుంది.

ఓడల్లో గోధుమలు

రెండో రోజు నికొలస్ బిషప్పు కావడం దగ్గర మొదలెట్టాను. పతారాకి దగ్గర్లో మైరా అని పట్నం. ఇప్పుడు ఆ ఊరిని దెమ్రె అంటారు. అక్కడ బిషప్పు చనిపోతే ఎవర్ని పెట్టాలో తేలక, మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందు గుళ్లో అడుగుపెట్టినవాణ్ణి ఎన్నుకుందామనుకున్నారట పెద్దలు. ప్రార్థనకని తెల్లవారకుండానే వచ్చినవాడు నికొలస్.

ఆ పదవి పూలపాన్పేమీ కాదు. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద కత్తిగట్టాడు. గుళ్లు కూలగొట్టారు, గ్రంథాలు తగలబెట్టారు. నికొలస్‌ని కూడా చెరసాల్లో వేశారని అంటారు. 313లో కాన్‌స్టంటైన్ కాలంలో ఎవరి మతం వాళ్లు ఆచరించుకోవచ్చునని ప్రకటన వచ్చేదాకా ఆ బాధలు పూర్తిగా తీరలేదు. 325లో నైసియాలో బిషప్పులందరి మహాసభ జరిగింది. అక్కడ నికొలస్ ఉన్నాడనీ, కోపం పట్టలేక అరియస్ అనే బోధకుడి చెంప పగలగొట్టాడనీ ఒక కథ. సభకి వచ్చినవాళ్ల జాబితాలు కొన్నింట్లో ఆయన పేరుంది, కొన్నింట్లో లేదు. తాత కూడా కొడతాడా అని మా చిన్నాడు తెగ సంతోషించాడు. ఆ కథ చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను.

ఆయన గురించి బాగా పాతకాలం నుంచీ చెప్పుకునే కథ ఇంకోటుంది. లంచం తిన్న అధికారి ఒకడు ఏ పాపం ఎరగని ముగ్గురికి మరణశిక్ష వేశాడు. తలారి కత్తి ఎత్తాడు. నికొలస్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ కత్తి పట్టుకుని లాగేశాడు. తర్వాత ఆ అధికారి చేత తప్పు ఒప్పించాడు. బొమ్మలు పంచే తాతలో ఇంత తెగువ ఉందని కార్టూన్లు చెప్పవు.

ఇంకోసారి లిసియాలో కరువొచ్చింది. అలెగ్జాండ్రియా నుంచి రాజధానికి గోధుమలు తీసుకెళ్లే ఓడలు రేవులో ఆగాయి. ఓడకి కొంత చొప్పున మా జనానికి దింపండని బిషప్పు అడిగాడు. కొలత తగ్గితే చక్రవర్తి మనుషులు ఊరుకోరని సరంగులు భయపడ్డారు. తగ్గదు, నాదీ పూచీ అన్నాడాయన. దింపారు. రాజధానిలో కొలిస్తే గింజ తగ్గలేదట. ఆ ధాన్యంతో ఊరు గండం గడిచింది, విత్తనాలక్కూడా మిగిలింది. ఈ కథ విన్నప్పుడు నాకు మన గోదావరే గుర్తొచ్చింది. ఇవాళ మన సీమని అన్నపూర్ణ అంటున్నాం గానీ, ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యేదాకా ఇదీ కరువులెరిగిన నేలే. ఆకలి తెలిసిన ఊరికి ధాన్యం ఓడ అంటే ఏమిటో మన ముత్తవ్వల్ని అడిగితే చెప్పేవారు.

నికొలస్ 343 ప్రాంతంలో డిసెంబరు 6న కన్నుమూశాడంటారు. అందుకే ఆయన పండగ ఇప్పటికీ చాలా దేశాల్లో ఆ రోజునే. 1087లో ఇటలీలోని బారి పట్నం నావికులు మైరా సమాధిలోంచి ఆయన ఎముకలు తీసుకుపోయి తమ ఊళ్లో పెట్టుకున్నారు. అక్కడ ఆయన పేరు మీద పెద్ద గుడి ఉంది.

బిషప్పు కార్టూనయ్యాడు

మూడో రోజు, ఆ బక్కపల్చని బిషప్పు ఈ బొజ్జ తాతగా ఎలా మారాడో చెప్పాను. యూరపులో వందల ఏళ్లు డిసెంబరు 6న ఆయన పేరుతో పిల్లలకి మిఠాయిలు పెట్టేవారు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్, పిల్లల మనసు పరిశుద్ధుల మీదికి కాదు, బాలయేసు మీదికి పోవాలని, కానుకల్ని క్రిస్మస్‌కి మార్చే పద్ధతిని ప్రోత్సహించాడు. 1840లలోనే మన రాజమండ్రికి వచ్చిన మిషను ఆ లూథర్ పేరు చెప్పుకునేదే. అంటే మా అత్తగారి వాదనకి 500 ఏళ్ల చరిత్ర ఉందన్నమాట! ఆ సంగతి చెబితే ఆవిడ రెండు రోజులు నాతో చాలా ప్రేమగా ఉన్నారు.

హాలండు వాళ్లు మాత్రం నికొలస్‌ని వదల్లేదు. సింటర్‌క్లాస్ అని ముద్దుగా పిలుచుకున్నారు. పిల్లల మంచీ చెడూ రాసిన పెద్ద పుస్తకం ఆయన చేతికిచ్చింది వాళ్ల ఆచారమే. వాళ్లు మనకి కొత్తవాళ్లేం కాదు. మనవాళ్లు వలందులన్నది వాళ్లనే. మచిలీపట్నంలో వలందపాలెం ఇప్పటికీ ఉంది. పాలకొల్లులో నేతబట్టల వర్తకం చేసి, 1824 ఒప్పందంతో ఇక్కడి స్థావరాలు ఇంగ్లీషువాళ్లకి అప్పగించి వెళ్లారు. వాళ్ల సింటర్‌క్లాస్ అమెరికా చేరి, అక్కడి నోళ్లలో నలిగి శాంటాక్లాజ్ అయ్యాడు. 1823లో అమెరికా పత్రికలో వచ్చిన ఓ పద్యం ఆయనకి ఎనిమిది దుప్పుల బండినిచ్చింది. 1863 నుంచీ థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు హార్పర్స్ వీక్లీ పత్రికలో బొమ్మలు వేసి గడ్డం, బొజ్జ ఇచ్చాడు. 1931 నుంచీ హాడన్ సండ్‌బ్లోమ్ కోకాకోలా ప్రకటనల కోసం వేసిన బొమ్మలు ఆ ఎర్రకోటు తాతని ఊరూరా తిప్పాయి. ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ 1939లో షికాగోలో ఓ పెద్ద దుకాణం ఉచితంగా పంచిన పుస్తకంలో పుట్టింది. 1964లో టీవీకెక్కింది. కిటికీలోంచి రహస్యంగా ఇచ్చినాయన చివరికి దుకాణాల ముందు గంట కొట్టే మనిషయ్యాడు. చూశారా!

అన్నట్టు, అన్ని కార్టూన్లూ ఒకటి కాదు. 1965లో అమెరికాలో వచ్చిన చార్లీ బ్రౌన్ క్రిస్మస్ కార్టూన్లో, పండగంతా కొనడం అమ్మడమేనా అని దిగులుపడే కుర్రాడికి, అతని స్నేహితుడు లూకా సువార్తలో గొర్రెల కాపరుల ఘట్టం అప్పజెబుతాడు. టీవీలో బైబిలు చదివితే ఎవరు చూస్తారని కొందరు జంకినా, దాన్ని రాసిన చార్లెస్ షుల్జ్ పట్టుపట్టి ఉంచాడు. అది మా పిల్లలకి చూపించాను. మిగిలినవీ మానిపించలేదు. పక్కన కూర్చుని చూస్తున్నాను. తాత చిట్టా విప్పినప్పుడల్లా మా పెద్దదే, నికొలస్ దగ్గర చిట్టా లేదుగా అంటోంది.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. మరి నా సైకిలెవరు తెచ్చారు అని మా చిన్నాడు అడిగాడు. దాటవేయడానికి నోటిదాకా వచ్చింది. దాటవేయలేదు. నాన్న కొన్నారని చెప్పాను. అయితే అబద్ధం చెప్పావా అన్నాడు. చెప్పాను నాన్నా, తప్పే అన్నాను. వాడు కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత వెళ్లి వాళ్ల నాన్న ఒళ్లో కూర్చున్నాడు. నేను అబద్ధమాడిన తాత గురించి చెప్పింది నమ్మిన పిల్లలు, నేను నిజమని చెప్పే యేసు గురించి కూడా రేపు అలాగే అనుమానపడితే? అందుకే ఒప్పుకున్నాను.

కట్నం మాట

కట్నం అంటే ఏమిటని మా పెద్దది మొదటి రోజే అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఎందుకంటే అది మా ఇంటి కథ.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను ఊడ్చేసింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెల్లారేసరికి మా ఎకరం కొబ్బరితోటలో నిలబడ్డ చెట్టు లేదు. మా పెద్దక్కకి సంబంధం కుదిరి ఉంది, సంక్రాంతి వెళ్లాక పెళ్లి. కట్నం ఆ తోట మీదే. చెట్లు పడ్డాక మగపెళ్లివాళ్లు మెల్లిగా తప్పుకున్నారు. ఆ క్రిస్మస్‌కి మా ఇంట్లో పొయ్యి వెలిగించడమే గగనం. తెల్లవారుజామున కేరల్స్ పాడేవాళ్లు వెళ్లిపోయాక తలుపు తీస్తే అరుగు మీద ఓ బియ్యం మూట, మూడు గౌన్ల గుడ్డ. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీదు. వెతకొద్దన్నాడు మా నాన్న. పెట్టినవాళ్లు కనబడకూడదనుకున్నారు, కనబడనివ్వండి అన్నాడు. కనబడనివ్వండి అంటే వాళ్ల ఇష్టానికి వదిలేయండి అని. ఆ గుడ్డతో కుట్టిన నీలం గౌను నాకింకా గుర్తు.

కానీ అక్క పెళ్లికి మాత్రం ఏ కిటికీలోంచీ మూట పడలేదు. ఎన్నో ఏళ్లకి, మిగిలిన నేల అమ్మితేగానీ ఆవిడ పెళ్లి కాలేదు. నికొలస్ కథ ఫోన్లో చెబితే అక్క నవ్వి, ఆ బిషప్పుకి మన కోనసీమ దారి తెలీలేదేమోలే అంది. ఆ నవ్వు నాకు రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు.

కట్నం తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. డబ్బు పుచ్చుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టడాన్ని ఎదిరించిన వీరేశలింగం గారి ఊరు మనది. అయినా మన ఇళ్లల్లో, గుడికెళ్లే ఇళ్లల్లో కూడా, ఆ బేరాలు ఆగలేదు. పేర్లు మారాయంతే. మూడు మూటలు విసిరిన నికొలస్ గొప్పవాడే. కానీ ఆ మూటల అవసరమే లేని ఊరు ఇంకా గొప్పది కదా? విసిరే చేతులు ఎన్నని వస్తాయి? అడిగే చేతులు ఆగాలి. అందుకని మా పెద్దదానికి కట్నం అంటే ఏమిటో చెప్పాక, మా చిన్నాణ్ణి దగ్గరకి తీసుకుని, నువ్వు పెద్దయ్యాక ఎవర్నీ అడక్కూడదు అని చెప్పాను. సైకిలు కూడానా అన్నాడు. సైకిలు కూడా అన్నాను. వాడికిప్పుడు ఐదేళ్లే. ఏటా డిసెంబర్లో చెబుతూ ఉండాలి.

ఆ పిల్లకి మేం ఏం చేశామని మీకనిపిస్తుంది. అది ఇక్కడ రాయను. రాస్తే, మూడు మధ్యాహ్నాలు ఈ కథ చెప్పి ప్రయోజనమేముంది?

ఇంకోటి మాత్రం చెబుతాను, అది పిల్లల పని కాబట్టి. మా వీధి చివర ఒంటరిగా ఉండే మామ్మగారున్నారు. ఆవిడ పండగ వేరు, మా పండగ వేరు. డిసెంబరు 24 సాయంత్రం చీకటి పడ్డాక ముగ్గురూ వెళ్లి, కిటికీ ఊచల మధ్యనుంచి ఓ ఉన్ని శాలువా, అరిసెల పొట్లం లోపలికి జారవిడిచి ఒకటే పరుగు. మూట వేసింది ఆ పిల్లే. ముగ్గుర్లో చెయ్యి అందేది దానికేనట.

మర్నాడు మేం గుడికి బయల్దేరుతుంటే మామ్మగారు శాలువా కప్పుకుని వీధిగుమ్మంలో నిలబడి, రాత్రి ఎవరో వచ్చారర్రా అని చెప్పారు. మా పెద్దది ఆకాశంలోకి చూసింది. ఆ పిల్ల తలొంచుకుని నవ్వుకుంది. మా చిన్నాడు రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, గుడిదాకా అలాగే నడిచాడు.